ఇరవయ్యా, అరవయ్యా

ధనుంజయ మాట్లాడటం మొదలుపెట్టేటప్పుడు పక్క చేన్లో వాళ్లకు కూడా వినపడేలా మొదలుపెడతాడు. వాక్యం సగానికొచ్చేసరికి గొంతు దిగిపోతుంది. అసలు చెప్పాల్సిన మాట దగ్గర తల చేతిలోని పురుగుమందు సీసా వైపు తిప్పి, ఆ సీసాకే ఏదో రహస్యం చెబుతున్నట్లు గొణుగుతాడు. రెండేళ్లుగా ఈ అలవాటును భరిస్తున్నది శివలీల ఒక్కతే. వీడియోలు చూసే జనానికి ఆ సంగతి తెలియదు. వాళ్లదాకా చేరేలోపల ఆమె అరుపులను కిందికి నొక్కి, గొణుగుళ్లను పైకి లాగి, మనిషి ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నట్లు చేసి పెడుతుంది.

కమలాపురం బస్టాండుకు దగ్గర్లో ధనుంజయకు పురుగుమందుల అంగడి ఉంది. తాతల నాటి పొలం ఉంది. అన్నిటికంటే ఆయనకు ముద్దయినది మాత్రం 'ధనుంజయన్న సేద్యం' అనే యూట్యూబ్ చానెల్. ఏ పంటకు ఏ తెగులు వస్తుంది, ఏ మందు ఎప్పుడు కొట్టాలి అని వారానికి రెండు వీడియోలు పెడతాడు. రెండు లక్షల పైచిలుకు మంది ఆ చానెల్‌ను పట్టుకుని ఉన్నారు. వీడియో తీసేది ఆయన ఫోన్‌తోనే. దాన్ని కత్తిరించి, అతికించి, మాటా పాటా సరిచూసి పైకి ఎక్కించేది శివలీల. పొద్దున కడపలో బస్సెక్కి వస్తుంది. అంగడి మీది గదిలో, మందుల వాసన మధ్య, కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. సాయంత్రం ఐదు గంటల బస్సుకు వెళ్లిపోతుంది.

అంతకుముందు మూడేళ్లు ఆమె కడపలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసింది. పెళ్లి వీడియోలో ఎవరి మాటా వినపడకపోయినా అడిగేవాళ్లుండరు. మేళం వినపడితే చాలు. ఇక్కడ అట్లా కాదని వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు అర్థమైంది. ఇక్కడ మాటే సరుకు.

ఆ సరుకును చెడిపోకుండా జనానికి చేర్చడమే రోజూ ఒక యుద్ధం. చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకు ఒకటి ఆమె పట్టుబట్టి కొనిపించింది. ధనుంజయ దాన్ని రెండుసార్లు పెట్టుకున్నాడు. "చొక్కా మీద నల్లపురుగు పాకినట్ల ఉండాది పాపా, బాగలేదు" అని మూడోసారికి గల్లాపెట్టె పక్క సొరుగులో పడేశాడు. ఇక ఫోన్‌లో పడేది గాలి హోరు, దాని కింద మాట. మాట పెంచితే గాలీ పెరుగుతుంది. గాలిని తుడిచేస్తే మాట బానలో నుంచి వచ్చినట్లు మారుతుంది. కంప్యూటర్ తెర మూలన శబ్దాన్ని కొలిచే సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. మాట పచ్చలో, పసుపులో ఆడుతూ ఉంటే క్షేమం. ఎరుపును తాకిందంటే ఆ ముక్క పగిలిపోయినట్లే, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ధనుంజయ 'రైతు సోదరులారా' అనగానే ఆ పట్టీ ఎగిరి ఎరుపుకు తల కొట్టుకునేది. మందు మోతాదు చెప్పేటప్పుడు మాత్రం నిద్రపోయినట్లు పడి ఉండేది.

ఇంత కష్టపడి మాటను నిలబెట్టాక, మాట వెనక మోగే పాట గురించి తగువు మొదలయ్యేది.

"ఏం పాపా, పాట యాడ పాయె?"

"ఉంది గదన్నా, కింద సన్నంగా."

"సన్నంగా ఉంటే ఎవురికి కావాల? సావుకాడ కూచున్నట్ల ఉండాది. పెంచు."

"పెంచితే మీ మాట మునుగుతాదన్నా."

"నా మాటా? నా గొంతు యానాడన్నా మునిగిందా?"

ఆయన వినేది కింద అంగట్లో. ఎదురుగా లారీలు పోతుంటాయి, గల్లా దగ్గర నలుగురు మాట్లాడుతుంటారు, చేతిలో ఫోన్. ఆమె వినేది పైన తలుపేసిన గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. ఆయనకు చాలనిది ఆమెకు చెవులు పగిలేంత. ఆమెకు సరిపోయింది ఆయనకు మూగ సినిమా. ఈ రెండు చెవుల మధ్య రెండేళ్లలో ఒక్కనాడూ రాజీ కుదరలేదు.

చివరికి ఆమె ఒక ఉపాయం చేసింది. మాట వచ్చినప్పుడు పాట తనంతట తానే తగ్గి, మాట ఆగగానే మళ్లీ లేచేలా కంప్యూటర్‌లో ఒక ఏర్పాటుంది. దాన్ని పెట్టింది. ధనుంజయ సంబరపడిపోయాడు. "అట్ల రా దారికి! ఇప్పుడు టీవీల్లో మాదిరి ఉండాది." శివలీలకు మాత్రం అది ఏనాడూ నచ్చలేదు. ఆయన ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ డప్పు, సన్నాయి లేచి కూర్చునేవి. మాట మళ్లీ మొదలయ్యాక అవి సర్దుకోవడానికి అరక్షణం పట్టేది. ఆ అరక్షణం ఆమెను ముల్లులా గుచ్చుతుండేది. చెబితే ఆయన నవ్వేవాడు.

ఆగస్టులో నాలుగు వానలు పడి, ఉల్లి వేసిన చేలల్లో, ఎర్రగడ్డ మళ్లలో, గడ్డి తెగ మొలిచింది. కూలీలు దొరకడం లేదు. గడ్డి మందు వీడియో పెట్టమని అడిగే ఫోన్లతో ధనుంజయకు ఊపిరాడలేదు. ఒకరోజు మధ్యాహ్నం పొలానికి పోయి తీసుకొచ్చి, "ఈ పొద్దే పోవాల పాపా, రేపటికి ఇంకెవురన్నా పెడతారు" అని ఆమె వెనకే నిలబడ్డాడు.

మోతాదు చెప్పే చోట ఆయన నాటకం ఆడాడు. "పదహారు లీటర్ల ట్యాంకుకు..." అని ఆగి, కెమెరా వైపు చూసి, కనుబొమలెగరేసి, తర్వాత సీసా వైపు తిరిగి, "ఇరవై మిల్లీ" అన్నాడు. ఆగిన ఆ సందులో డప్పు లేచింది.

"ఈ ఒక్క తావులో పాట తీసేస్తానన్నా."

"ఆ తావులోనే గదమ్మా మజా! అందరూ చెవులు నిక్కబొడుచుకుని ఇంటాంటారు. ఉండనీ."

గోడ మీద గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. శివలీల హెడ్‌ఫోన్లలో ఒకసారి వింది. ఇరవై అనే వినపడింది. వినపడక ఏమవుతుంది? ఆ మాటను మధ్యాహ్నం నుంచి ఇరవైసార్లు విన్నది ఆమే. తెలిసిన మాట చెవికి ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది. పైకి ఎక్కించే ముందు తన మామూలు ఫోన్‌లో, హెడ్‌ఫోన్లు లేకుండా, ఇంకోసారి వినడం ఆమె అలవాటు. ఆ రోజు వెనక ధనుంజయ తొందర, ముందర ఐదు గంటల బస్సు. వినలేదు. ఎక్కించి, బస్సెక్కింది.

తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు సుబ్బక్క అంగడికి వచ్చింది.

సుబ్బక్కది పాపాఘ్ని ఒడ్డున ఒక పల్లె. యాభై ఏళ్లుంటాయి. ఎకరన్నర చేను, దున్నకం నుంచి కోతదాకా తనే చూసుకుంటుంది. చదువు రాదు, కానీ ధనుంజయ వీడియోలు ఒక్కటీ వదలదు. ఫోన్ పైటలో దోపుకుని, పనిచేసుకుంటూ వింటుంది. ఆమె తువ్వాలు మూట విప్పి, గల్లా ముందర బల్ల మీద కుమ్మరించింది. కొసలు తెల్లగా పాలిపోయి, మధ్యకు విరిగి, నిప్పు సెగ తగిలినట్లు వాడిపోయిన ఎర్రగడ్డ మొక్కలు.

"నువ్వు సెప్పినట్లే కొట్టినా గదప్పా. గడ్డి పోయింది, పంటా పోయింది."

పైన శివలీల హెడ్‌ఫోన్లు తీసేసేంత గట్టిగా కింద మాటలు పెరిగాయి. ధనుంజయ ఆమెను పిలిచాడు. ఆమె దిగేసరికి అంగట్లో ఐదారుగురున్నారు. గల్లా దగ్గర పనిచేసే కాశన్న మొక్కలను వేలితో కదిలించి చూస్తున్నాడు.

"ఎంత కలిపినావు సుబ్బక్కా?" ధనుంజయ అడిగాడు.

"అరవై."

"అరవయ్యా! ఎవురు చెప్పినారు నీకు అరవై?"

"నువ్వే సెప్పినావు."

"నేను ఇరవై అని చెప్పినా! ఇరవై!"

సుబ్బక్క పైటలోంచి ఫోన్ తీసింది. పక్కనున్న మనిషితో వీడియో పెట్టించుకుని బల్ల మీద పెట్టింది. ధనుంజయ గొంతు గరగరమంటూ వచ్చింది. పదహారు లీటర్ల ట్యాంకుకు... డప్పు దమ్మని మోగింది. దాని కింద నుంచి "రవై మిల్లీ" అని తేలింది.

"ఇన్యారా? అరవై!" అంది సుబ్బక్క.

"ఇరవై అనే ఉండాది!" అన్నాడు ధనుంజయ.

మందుకు వచ్చిన వాళ్లలో ఇద్దరు అరవై అన్నారు. ఒకాయన ఇంకోసారి పెట్టమన్నాడు. కాశన్న, "నాకూ అరవై అనే ఇనపడెన్నా" అని, యజమాని ముఖం చూసి, "ఏమో, ఇరవై కూడా కావచ్చు" అని వెనక్కి తగ్గాడు.

"నువ్వు చెప్పు పాపా," అన్నాడు ధనుంజయ శివలీల వైపు తిరిగి. "నువ్వే గదా చేసింది. నేనేం చెప్పినానో వీళ్లకు చెప్పు."

వీడియో మూడోసారి ఆడింది. శివలీల మొట్టమొదటిసారిగా ఆ ముక్కను హెడ్‌ఫోన్లు లేకుండా, పాత ఫోన్ గరగరలో, లారీల మోతలో వింది. మొదటి అక్షరం లేదు. డప్పు దెబ్బ దాన్ని మింగేసింది. మిగిలిన తోకకు చెవి తనకు తోచిన తల పెట్టుకుంటోంది. దమ్మని మోగిన మోత వెనకాల అది అరవై అనే అనిపిస్తోంది.

ఆమె పైకి వెళ్లి, ఎడిట్ చేయని అసలు ముక్కను తన ఫోన్‌లోకి ఎక్కించుకుని దిగింది. పాట లేకుండా, ఉత్త మాట. కొంచెం సన్నగానే అయినా స్పష్టంగా ఉంది: ఇరవై మిల్లీ.

ధనుంజయ ముఖం వెలిగింది. "ఇన్యావా సుబ్బక్కా? ఇప్పుడేమంటావు?"

సుబ్బక్క ఆయన్ను తేరిపార చూసింది. "ఇది నాకు ఎప్పుడు పంపినావప్పా? నాకు పంపింది అది."

ధనుంజయ ఆ కోపమంతా శివలీల మీదికి తిప్పాడు. "నేను సరిగ్గా చెప్తే నువ్వు ఏం చేసి పెట్టినావమ్మా?"

శివలీలకు చెవులు వేడెక్కాయి. రెండేళ్ల నుంచి పెట్టుకోమంటున్న మైకు ఈ గల్లా పక్క సొరుగులోనే ఉంది. తీసేస్తానన్న పాటను ఉండనీయమన్నది ఈయనే. అదంతా అరిచి చెప్పాలని గొంతుదాకా వచ్చింది. అంతలో బల్ల మీద మొక్కలు కనిపించాయి. ఆ రోజు ఫోన్‌లో ఒక్కసారి, ఒకే ఒక్క నిమిషం వినుంటే దొరికిపోయే తప్పు అది.

"మీ మాట సరిగానే ఉంది," అంది. "పాట దాని మీద పడింది. ఫోన్లో విని చూసింటే దొరికేది. నేను వినలేదు. అది నా తప్పే. మోతాదు కాడ పాట వద్దని చెప్పినా, అది మీరు వినలేదు. అవన్నీ మళ్లీ చూసుకుందామన్నా. ముందు ఆ వీడియో తీసేద్దాం."

"తీసేసేదా? లక్షా నలభై వేల మంది చూసినారు దాన్ని!"

"అందుకే తీసేయాల."

ధనుంజయ తల అడ్డంగా ఊపాడు. "ఏందో ఒకరిద్దరికి తప్పు ఇనపడిందని అంత వీడియో తీసేస్తారా? కింద రాయి. ఇరవై అని పెద్ద అక్షరాలతో రాయి. సరిపోతాది."

"రాస్తే నాకెట్ల తెలుస్తాదప్పా?" అంది సుబ్బక్క. "నాకేం సదువొస్తాదా? మందు కలిపేటప్పుడు ఫోను పైటలో ఉంటాది. ఇనేదే గాని సూసేది యాడ?"

శివలీల వీడియో కింద జనం రాసిన మాటలు తెరిచింది. మామూలుగా ఎవరూ చదవరు. పువ్వులు, దండాలు పెట్టినవాటికి ధనుంజయ ఖాళీగా ఉన్నప్పుడు గుండె గుర్తు పెడతాడు, అంతే. వేలితో జరుపుకుంటూ పోతే ఐదు రోజుల కిందటిది కనబడింది. 'అన్నా 20 నా 60 నా సరిగా వినపడలేదు.' దాని కింద ఎవరో జవాబిచ్చారు. '60 బ్రో.'

ఆ ఫోన్‌ను ఆమె ధనుంజయ ముందు పెట్టింది. ఆయన చదివాడు. మెడ వెనక రుద్దుకున్నాడు. "రేపు చూద్దాం," అన్నాడు మెల్లగా. "ఉన్నట్టుండి తీసేస్తే జనం ఏమనుకుంటారు?"

శివలీలకు ఆ బల్ల మీద తల కొట్టుకోవాలనిపించింది. ఇంత జరిగినా ఈయనకు వినపడేది జనం ఏమనుకుంటారన్నదేనా! అంతలో ధనుంజయ జేబులో ఫోన్ మోగింది. ఆయనకు ఫోన్ ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడే అలవాటు.

"అన్నా, నందికొట్కూరు నుంచి ఏసన్నను మాట్లాడతాండా. నీ వీడియో చూసి మందు తెచ్చుకున్యా. ఇప్పుడే ట్యాంకులో కలిపినా. అరవై మిల్లీ అంటే ఈ సీసా మూతతో ఆరు మూతలు పోసినా, సరిపోతాదా అన్నా?"

ధనుంజయ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇరవై అప్పా! అరవై కాదు! ఇరవై! రెండు పదులు! కొట్టినావా?"

"ఇంగా కొట్టల్యా..."

"కొట్టొద్దు! ఒక్క చుక్క కొట్టొద్దు! ఆ ట్యాంకులోది మూడు భాగాలు చెయ్యి. ఒక్కో భాగానికి నీళ్లు కలిపి మూడు ట్యాంకులు చేసుకో. ఇనపడిందా? ఏం చెప్పినానో చెప్పు."

"మూడు ట్యాంకులన్నా. ఇరవై లెక్కన."

"ఆ. అదీ."

ఆయన ఫోన్ పెట్టేశాడు. చొక్కా చంకల్లో తడిసిపోయింది. సుబ్బక్క తువ్వాలు మడత పెట్టుకుంటోంది.

"తీసేయమ్మా," అన్నాడు.

తీసేయడానికి అరనిమిషం కూడా పట్టలేదు. ఈ తొమ్మిది రోజుల్లో ఆ మాట ఎన్ని చేన్లకు చేరిందో, అందులో ఎందరు ఫోన్ చేసి అడగకుండానే కొట్టేశారో మాత్రం ఎవరికీ తెలియదు.

"కొత్తది ఇప్పుడే తీయాల అన్నా. సుబ్బక్క చేన్లోనే," అంది శివలీల. ధనుంజయ ముఖం చిట్లించుకున్నాడు, కానీ జీపు తాళాలు తీసుకున్నాడు. ఈసారి ఆమె సొరుగు తెరిచి మైకు తీసి చేతిలోనే పట్టుకుంది.

చేను చూశాక ధనుంజయకు జీపులోంచి దిగబుద్ధి కాలేదు. మళ్లన్నీ పాలిపోయి పడుకుని ఉన్నాయి. మందు అయిపోయిన దగ్గర, ఆఖరి నాలుగు మళ్లు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. పచ్చకూ తెలుపుకూ మధ్య దారం పట్టి గీసినట్లు గీత ఉంది.

ఇక వీడియో తీయడం. పక్క చేన్లో మోటారు హోరున ఆడుతోంది. శివలీల పోయి కాసేపు ఆపమని అడిగింది. "కరెంటు పోతే మళ్లీ ఏ యాళకు వస్తాదో తల్లీ, నేను ఆపను" అని ఆ చేను ఆసామి కచ్చితంగా చెప్పేశాడు. సరేనని మోటారుకు వీపు పెట్టి, జీపును అడ్డం నిలిపి, దాని చాటున ధనుంజయను నిలబెట్టింది. మైకు చొక్కాకు తగిలించింది. ఆయన చూపు పక్కకు తిప్పుకుని తగిలించుకోనిచ్చాడు.

"రైతు సోదరులారా! పోయిన వీడియోలో కొంతమందికి మోతాదు తప్పుగా ఇనపడిందంట..."

శివలీల ఆపేసింది. "ఇనపడిందంట కాదన్నా. ఇనపడింది."

రెండోసారి, "మా ఎడిటింగు వాళ్లు చేసిన పొరపాటు వల్ల..." అన్నాడు. శివలీల పళ్లు బిగించుకుని తీస్తూనే ఉంది. ఆపింది సుబ్బక్క.

"ఆ పాపను యాల అంటావు? ఆ పాప మొగం ఎవురికి తెలుసు? నీ మొగం సూసే గదా మేము కొట్టింది. నువ్వు సెప్పు."

మూడోసారి గాలి లేచింది. నాలుగోసారి ఒక గొర్రెల మంద దారి వెంట పోయింది. ఐదోసారి అన్నీ కుదిరాయి. ధనుంజయ తప్పు ఒప్పుకున్నాడు, సుబ్బక్క మళ్లను చూపించాడు. మోతాదు దగ్గరికి వచ్చేసరికి పాత అలవాటు కొద్దీ తల దించి గొణిగాడు.

"గట్టిగ సెప్పప్పా!" సుబ్బక్క కేకేసింది. "సీసాకు సెప్తాండావా, నాకు సెప్తాండావా?"

శివలీలకు అంత విసుగులోనూ నవ్వొచ్చింది, ఆపుకుంది. ఏడోసారికి ధనుంజయ తలెత్తి, నిదానంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. "పదహారు లీటర్ల ట్యాంకుకు ఇరవై మిల్లీ. రెండు పదులు. అరవై కాదు."

అంగడికి వచ్చి ఆమె గంటలో పని ముగించింది. పాట లేదు. అరుపులను తగ్గించి, అంకె చెప్పిన చోటును మిగతా వాటికంటే ఒక మెట్టు పైన పెట్టింది. తర్వాత తన ఫోన్‌లో వేసుకుని కిందికి దిగి, కాశన్నకు చూపించకుండా వినిపించింది.

"ఎంత చెప్పినాడు?"

"ఇరవై."

బస్టాండు దగ్గర టీ అంగట్లో ఇద్దరు అపరిచితులకు వినిపించింది. ఇరవై అన్నారు. మూడో ఆయన ముసలాయన, చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విని, "ఇరవై. అది సరే గాని, ఏం మందో చెప్పల్యా గదమ్మా?" అన్నాడు.

చెప్పాడు. కానీ సరిగ్గా మందు పేరు దగ్గర మోటారు హోరు అడ్డొచ్చింది. శివలీల ఏడుపు, నవ్వు రెండూ కలిసిన ముఖంతో మళ్లీ మెట్లెక్కింది. ఆ పేరును ఒక్కదాన్ని లాగి, చుట్టూ హోరును కోసి, మళ్లీ దిగి, మళ్లీ ముసలాయన్ను వెతికి వినిపించింది. ఆయన తల ఊపాక ఎక్కించింది. ఐదు గంటల బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

మొదటి వీడియోను లక్షా నలభై వేల మంది చూశారు. దాన్ని సరిదిద్దిన వీడియోను పది రోజుల్లో పంతొమ్మిది వేల మంది చూశారు. 'పాట లేదేందన్నా, బోరు' అని ఒకరు రాశారు. శివలీల ఆ చూసినవాళ్ల అంకెను రోజూ పొద్దున తెరిచి చూసేది, రోజూ ఒళ్లు మండేది. ఇంకో ఇద్దరు, వేంపల్లె వైపు వాళ్లు, పంట మాడిందని ఫోన్ చేశారు. ధనుంజయ వాళ్ల చేన్లకు పోయి చూసి వచ్చాడు. సుబ్బక్కకు తన నారుమడి నుంచి ఎర్రగడ్డ నారు పీకించి, కూలీలను పెట్టి నాటించాడు. అది మంచితనమో, నలుగురిలో మాట పడకుండా చేసుకున్న జాగ్రత్తో శివలీలకు తెలియలేదు. నారు మాత్రం బతికింది.

మోతాదు చెప్పే చోట పాట ఉండకూడదు, అంకె రెండు రకాలుగా చెప్పాలి, జనం రాసిన ప్రశ్నలకు ఆ రోజే జవాబివ్వాలి. ఈ మూడింటికీ ధనుంజయ తల ఊపాడు. నెల తిరక్కముందే, "మిగతా తావుల్లో కొంచెం పెంచు పాపా, చెవులకు చప్పగా ఉండాది" అన్నాడు. వాళ్ల తగువు మళ్లీ మొదటికొచ్చింది.

అక్టోబరులో ఒకరోజు సుబ్బక్క శివలీలకు ఫోన్ చేసింది. నాటిన నారుకు తెగులు మందు కొట్టాలి.

"వీడియో ఇన్యా గాని, నువ్వే ఒకసారి సెప్పు పాపా. ఎంత పొయ్యాల?"

"నాకు పాటలు తగ్గించేది, పెంచేదే తెలుసు పెద్దమ్మా. మందు సంగతి నేను చెప్పకూడదు. ఉండు, అన్నకిస్తా."

ఆమె మెట్లు దిగి ఫోన్ ధనుంజయ చేతికిచ్చింది. గల్లా ముందు ఇద్దరు కాచుకుని ఉన్నారు. బయట లారీ ఒకటి హారను కొడుతూ ఆగింది. ధనుంజయ నోరు తెరిచి, లారీ వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. అది కదిలి సందు దాటేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని ఊరకే నిలబడ్డాడు. తర్వాత అంకె చెప్పాడు.

"ఇప్పుడు నువ్వు నాకు చెప్పు సుబ్బక్కా. ఎంత?"

అవతల సుబ్బక్క చెప్పినట్లుంది. ఆయన ఇంకోసారి చెప్పించుకున్నాడు. శివలీల గుమ్మం దగ్గర నిలబడి అది విని, పైకి వెళ్లిపోయింది. పైన పొద్దుటి పొలం వీడియో తెరిచి ఉంది. పద్నాలుగు నిమిషాలు, మైకు లేకుండా తీసింది, మొదటి నుంచి చివరిదాకా గాలి హోరు. ఆమె గట్టిగా ఒక తిట్టు తిట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.